సోమి బెరడు – సామర్లకోట వైద్యుడు

భద్రాచలము మొదలు పాపికొండల దాక గోదావరి కిరుప్రక్కల వ్యాపించియున్న అడవులలో సోమి యను వృక్షము కలదు. దాని చేవ యెఱ్ఱనిది. బెరడు మిక్కిలి చేదు, వగరు. సోమిద యనియు దానికి పేరు. ఆయుర్వేద నిఘంటువులందలి మాంసరోహిణి యీ చెట్టే యని పలువురు వైద్యుల మతము. పుండును మాన్పి మాంసమును మొలపించునది యని యా సంస్కృత నామమునకు భావము. దీనిని గూర్చి మన పాఠకులలో పెక్కుమంది యెఱుగని విశేష మొకటి యున్నది. ఐరోపా, అమెరికా దేశముల వృక్షశాస్త్ర గ్రంథములందు ఈ చెట్టు తెలుగు పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. సొయ్మిడా ఫెబ్రిఫ్యూగా యని లాటిను వేషము ధరించినను, మొదటి మాట మన సోమిదయే. రెండవ మాటకు జ్వరమును పాఱద్రోలునది యని యర్థము.

మన్యమున పలుకు ఈ మాటను దేశాంతరములకు కొనిపోయినవాడు విలియం రాక్స్‌బర్గు. ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోటయందు దండు వైద్యుడుగా నుండిన స్కాట్లండు దేశీయుడు. భారత వృక్షశాస్త్రమునకు పితామహుడని ఆయనను శాస్త్రజ్ఞులు కొనియాడుదురు. ఆయన గతించి రెండువందల యేండ్లు దాటినది. అయినను ఆయన చరిత్రమును నేడు స్మరించుటకు మాకు కారణము కలదు. సూక్ష్మజీవులు మన మందులకు లొంగకుండుట నేర్చుకొనుచున్నవి. అట్లు లొంగని బాక్టీరియా రోగముల మూలముననే 2019వ సంవత్సరమున ప్రపంచములో సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞులు లెక్కవేసిరి. క్రొత్త మందులకై పరిశోధకులు మరల చెట్ల బెరళ్లను, వేళ్లను, ఆకులను వెదకుచున్నారు. ఆ వెదకులాట మన గోదావరి కొండలలో 18వ శతాబ్దియందే యొకసారి జరిగినది. అందు సాధింపబడిన దేమో, పొరపడిన దేమో, మఱువబడినవా రెవరో మనము తెలిసికొనవలసియున్నది.

రాక్స్‌బర్గు 1751లో స్కాట్లండులోని ఎయిర్‌షైరు సీమయందు క్రెయిగీ యను ప్రాంతమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యము నభ్యసించుచు, జాన్ హోప్ అను ఆచార్యునొద్ద వృక్షశాస్త్రమును నేర్చెను. ఆ కాలమున వైద్యునకు చెట్లు తెలిసియుండుట విలాసము కాదు. మందులలో నధికభాగము చెట్లనుండియే వచ్చెడిది. కంపెనీ ఓడలలో శస్త్రవైద్యునకు సహాయుడై కొంతకాలము తిరిగి, 1776లో చెన్నపట్టణపు వైద్యశాఖలో ప్రవేశించెను. తరంగంబాడిలోని డేన్ల మిషనుకు వైద్యుడై వచ్చిన యోహాన్ కోనిగ్ ఆయనకు మిత్రుడయ్యెను. ప్రతి జీవజాతికిని రెండు మాటల పేరిడు పద్ధతిని లోకమున స్థిరపఱచిన లిన్నేయసునకు ఈ కోనిగ్ స్వయముగ శిష్యుడు. 1785లో ఆయన కాకినాడలోని జగన్నాథపురమున మరణించెను. అంత్యకాలమున ఆయనకు చికిత్స చేసినవాడు రాక్స్‌బర్గే. కోనిగ్ చేతి దీపము మన కాకినాడ యొడ్డుననే రాక్స్‌బర్గు చేతికి మాఱినదని చెప్పవచ్చును.

రాక్స్‌బర్గు సామర్లకోటకు వచ్చినది 1781లో. అచ్చట ఆయన యుండినది పండ్రెండేండ్లు. ఉత్తర సర్కారులు అప్పటికే కంపెనీ వశమై యుండెను. దండువారికి వైద్యము చేయుట ఆయన యుద్యోగము. మనసు మాత్రము తోటలో నుండెను. మిరియము, కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ, మల్బరీ, సీమపనస మున్నగువానిని తెప్పించి నాటించెను. దినమునకు ముమ్మారు వాయుభారమును, ఉష్ణమును కొలిచి వ్రాసికొనెడివాడు. రాజమహేంద్రవరపు సర్కారులో రైతులు చెఱకు నాటి, బెల్లము వండు విధానమును సాంతముగ వర్ణించి ప్రకటించెను. 1789 మొదలు 1792 వఱకు ఈ సీమను పీడించిన ఘోరమైన కఱవును కన్నులార చూచి, కొబ్బరి, సగ్గుబియ్యపు తాటి, సీమపనస వంటి చెట్లను విరివిగ నాటించినచో ముందు ముందు జనము బ్రదుకుదురని పైవారికి విన్నవించెను. అంతకుముందు ఆయన సేకరించిన పుస్తకములును, ఎండుకొమ్మలును వరదపాలయ్యెను. అయినను ఆయన నిరాశ చెందక మొదటినుండి మరల ప్రారంభించెను.

అట్లని ఆయనను కేవలము పరోపకారిగా చిత్రించుట సత్యమునకు దూరము. ఆయన జీతము కంపెనీది. ఆయన చూపును కంపెనీ బొక్కసము వైపునకే తిరిగియుండెను. నేడు ఏటికొప్పాక బొమ్మలకు వాడు అంకుడు చెట్టును ఆయన పరీక్షించినది దాని ఆకునుండి నీలిమందు తీయవచ్చునా యని చూచుటకు. మిరియము గాని, పట్టు గాని, నీలి గాని, కంపెనీ సరకు కాగలదా యన్నదే దొరలు మొదట నడుగు ప్రశ్న. ఈ రెండు గుణములును, అనగా సత్యమును చూడవలెనను తపనయు, యజమాని లాభమును చూడవలసిన నిర్బంధమును, ఆయన జీవితములో పడుగుపేకలవలె కలిసియున్నవి. ఒకదానిని తీసివేసి రెండవదానిని చెప్పుట న్యాయము కాదు.

సామర్లకోటలో ఆయన చేసిన పనులలో గొప్పది చిత్రసంచయము. దేశీయులగు చిత్రకారులను కొలువులో నుంచుకొని, కొమ్మ, ఆకు, పువ్వు, కాయ, గింజ వేర్వేఱుగ కనబడునట్లు రంగుల చిత్రములు వ్రాయించెను. అందు అయిదువందల చిత్రములు లండనుకు పంపబడెను. జోసెఫ్ బ్యాంక్స్ వానిలో మూడువందలను ఎన్నుకొనగా, కోరమండలు తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగ వెలువడెను. భద్రాచలపు అడవులలో కోయలకు అన్నము పెట్టు ఇప్ప, వేసవిలో ఆకు కోతకు కూలి నిచ్చు తునికి, ఎఱ్ఱని జిగురు కార్చు ఏగిస, ఇవియన్నియు ఆయన వర్ణించి పేరు పెట్టినవే. నేటికిని వీని శాస్త్రీయ నామముల చివర రాక్స్‌బర్గు పేరు సంక్షిప్తముగ వ్రాయబడుచున్నది. ప్రతి మొక్క క్రిందను స్థానికులు పలుకు తెలుగు పేరును వ్రాసికొనుట ఆయన నియమము. సోమిద యను మాట బ్రదికి బయటపడినది ఆ నియమము వలననే. కాని ఆ పేరు చెప్పినదెవరు? కొండ నెక్కి కొమ్మ తెచ్చినదెవరు? సామర్లకోట వసారాలో కుంచె పట్టినదెవరు? ఆ మహాగ్రంథములో వారి పేర్లు లేవు.

ఇక సోమి బెరడు కథ. ఆ కాలమున దండువారిని శత్రువుల తుపాకులకంటె చలిజ్వరము ఎక్కువగ చంపెడిది. దానికి తెలిసిన మందు దక్షిణ అమెరికానుండి వచ్చు పెరూ బెరడు, అనగా సింకోనా. అది ప్రియము, దూరము, కల్తీయు మెండు. రాజమహేంద్రవరపు సర్కారు కొండలలో పెరుగు ఈ చేదు చెట్టు బెరడు రాక్స్‌బర్గు కంటబడెను. ఆయన దానిని మహాగని కుటుంబములో చేర్చి, స్వీటేనియా ఫెబ్రిఫ్యూగా యని పేరిడి, బెరడుపై పరీక్షలు చేసి, దాని శక్తిని పెరూ బెరడు శక్తితో సరిపోల్చి, దానికి బదులుగ వాడవచ్చునని కంపెనీ డైరెక్టర్లకు నివేదించెను. ఆ నివేదిక 1793లో లండనులో అచ్చుపడెను. మఱుసటి యేట ఎడింబరోలో ఆండ్రూ డంకన్ అను యువకుడు ఈ బెరడునే విషయముగ గైకొని లాటినులో వైద్యపట్టపు వ్యాసము వ్రాసెను. కొలది కాలములోనే ఎడింబరో వైద్యుల ఔషధ గ్రంథమున ఈ బెరడు చేరెను. 1830లో ఆడ్రియన్ ద జూస్యూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని మహాగనినుండి వేఱుచేసి, దాని ప్రజాతికి సొయ్మిడా యని తెలుగు పేరునే నిలిపెను.

కాని మందుగా దాని యశస్సు నిలువలేదు. 1820లో పెల్లెటియే, కావెంటూ అను ఇరువురు ఫ్రెంచి రసాయనికులు సింకోనా బెరడునుండి క్వినైనును వేఱుచేసిరి. 1860 ప్రాంతమున సింకోనా మొక్కలే నీలగిరులకు వచ్చి నాటుకొనెను. సోమి బెరడులో క్వినైను లేదు. 1868 నాటి భారత ఔషధ గ్రంథములో అది స్థానము పొందినను, క్రమముగ వైద్యులు దానిని మఱచిరి. పొరపాటు ఎచ్చట జరిగినది? చేదులో చేదు, వగరులో వగరు పోలినంతమాత్రమున గుణములో గుణము పోలదు. అది యటుండగా, జ్వరమనునది రోగము కాదు, రోగలక్షణము. చలిజ్వరము తనంత తానే తగ్గుచు మరల వచ్చునది కావున, నడుమ నేమి త్రాగించినను అదియే తగ్గించినట్లు తోచును. ఆ జ్వరమునకు మూలమైన పరాన్నజీవిని లావెరాన్ కనుగొన్నది 1880లో. దోమ కడుపులో దానిని రొనాల్డ్ రాస్ చూచినది 1897లో, మన సికింద్రాబాదులో. రాక్స్‌బర్గు నాటికి శత్రువే కంటికి కనబడలేదు. చీకటిలో బాణము వేసినవానిని గుఱి తప్పినదని నిందించుట తగదు. ఎంతవఱకు చూచెనో అంతవఱకు పరీక్షించి వ్రాసెను. ఇతరులు మరల పరీక్షించుటకు వీలుగ వ్రాసెను. శాస్త్రజ్ఞుని మర్యాద అది.

1793లో ఆయన సామర్లకోటను విడిచి కలకత్తా వృక్షోద్యానమునకు అధికారిగా వెళ్లెను. సామర్లకోట తోట బెంజమిన్ హైనీ యను మఱియొక వైద్యుని చేతికి వచ్చెను. కలకత్తాలో రాక్స్‌బర్గు ఇరువదియేండ్లు శ్రమించెను. ఆయన విడిచిపెట్టునప్పటికి ఆ తోటలో సుమారు మూడువేల అయిదువందల జాతుల మొక్కలుండెను. దేశీయ చిత్రకారులచేత వ్రాయించిన చిత్రములు రెండువేల అయిదువందలను మించెను. ఆరోగ్యము చెడి 1813లో ఓడ యెక్కి, సెయింటు హెలీనా ద్వీపమున ఆగినప్పుడు సైతము అచ్చటి మొక్కల పట్టిక వ్రాసి, 1815లో ఎడింబరోలో కన్నుమూసెను. ఆయన జీవితకాలమున ఆయన మహాకృతి యగు భారత వృక్షావళి అచ్చుకాలేదు. శ్రీరాంపురపు విలియం క్యారీ దానిని 1820లో అచ్చువేయ నారంభించెను. సంపూర్ణముగ వెలువడినది 1832లో.

ఈ చరిత్రమునుండి నేటి పరిశోధకులు గ్రహింపవలసినది చాల గలదు. మొదటిది గుర్తింపు. మన అడవులలో కొడిసె, అంకుడు అను రెండు చెట్లు కలవు. రెండును పాలుకారునవి, రెంటిని పాలకొడిసె యని పిలుచు చోట్లును కలవు. రక్తగ్రహణికి పనికివచ్చు కుటజము మొదటిది. దాని గింజలు చేదు. రెండవదాని గింజలు చేదు కావు. అంగడిలో రెండవదాని బెరడు మొదటిదానితో కలిసిపోవుట చేతనే ఐరోపాలో కుటజము పేరు చెడెనని వైద్య గ్రంథములు చెప్పుచున్నవి. మందు మంచిదే, చెట్టు వేఱు. ఏ చెట్టు, ఏ కొండ, ఏ ఋతువు, ఏ భాగము అను నాలుగు ప్రశ్నలకు ఉత్తరము లేని కషాయము శాస్త్రము కాదు.

రెండవది సారము తీయు పద్ధతి. సింకోనా బెరడునకు కలిగిన భాగ్యమే చీనాదేశమున మఱియొక మొక్కకు కలిగెను. 4వ శతాబ్దికి చెందిన గె హొంగ్ అను వైద్యుడు మాచిపత్రి జాతికి చెందిన యొక మొక్కను నీటిలో నానబెట్టి పిండి రసము త్రాగుమని వ్రాసియుండెను, కాచుమని వ్రాయలేదు. తూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు ఆ భేదమును గమనించి, వేడి తగిలిన గుణము చెడునేమో యని యూహించి, తక్కువ వేడిలో మరుగు ఈథరుతో సారము తీసి 1971లో జయము పొందెను. ఆర్టెమిసినిన్ అను ఆ మందు లక్షలకొలది ప్రాణములను కాపాడినది. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను. ప్రాత గ్రంథము ఆమెకు మందును ఇయ్యలేదు, ప్రశ్నను ఇచ్చెను. మందును ఇచ్చినది ప్రయోగము.

మూడవది కొలత. ఫలాన ఆకు పసరు బాక్టీరియాను చంపినదని తఱచు ప్రకటనలు వచ్చుచుండును. గాజుపళ్లెములో ఉప్పును చంపును, పుల్లని కాడియు చంపును. ఎంత పరిమాణములో చంపినది, ఆ పరిమాణము మనుష్య శరీరమునకు హాని చేయకుండునా యన్నదే యసలు ప్రశ్న. శుద్ధమైన మంచి యాంటీబయాటిక్ మిల్లీలీటరునకు కొలది మైక్రోగ్రాములలో పనిచేయును. ముడి పసరునకు తఱచు దానికి వందల రెట్లు కావలెను. అందుననే నేడు వాడుకలోనున్న యాంటీబయాటిక్కులలో అధికభాగము బూజులనుండియు, మట్టిలోని సూక్ష్మజీవులనుండియు వచ్చినవి గాని చెట్లనుండి కాదు. అంతమాత్రమున చెట్లను త్రోసివేయరాదు. కొన్ని మొండి బాక్టీరియాలు తమలోనికి వచ్చిన మందును వెలికి నెట్టు పంపులవంటి ఏర్పాట్లు కలిగియున్నవి. కుటజములోని కొనెసీన్ అను పదార్థము సూడోమొనాస్ అను బాక్టీరియాలో ఆ పంపును అడ్డగించి, పని మానిన మందునకు మరల పని కల్పించునని ప్రయోగశాలలలో తేలినది. రోగికి అది మందగుటకు ముందు నడువవలసిన దారి దీర్ఘము. చెట్టు తాను చంపకపోయినను, చంపువానికి తోడుగ నిలువవచ్చునను ఆశ మాత్రము నిరాధారము కాదు.

నాల్గవది, మేము ముఖ్యమని తలచునది, మనుష్యుల విషయము. రాక్స్‌బర్గు పుస్తకములో చెట్టు పేరు నిలిచెను. చెప్పినవాని పేరు పోయెను. ఆనాడు దొరతనము పరాయిది. నేడు ఏ సాకు చెప్పగలము? పసుపు గాయములను మాన్పునను సంగతిపై 1995లో అమెరికాలో పేటెంటు పుట్టినప్పుడు మనదేశమంతయు ఆగ్రహించెను. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి పోరాడి 1997లో దానిని రద్దు చేయించెను. పరదేశియులు మనకు చేసినది దోపిడి యైనచో, పట్టణవాసులమగు మనము మన్యమునకు చేయునది ఏమగును? 2002 నాటి జీవవైవిధ్య చట్టము, మొక్కనుండి వచ్చు లాభములో దానిని కాపాడిన ప్రజలకు భాగము ఈయవలెనని శాసించెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము సంప్రదాయ విజ్ఞానముపై అడవి బిడ్డలకు సమష్టి హక్కు కలదని చెప్పెను. కాని 2023లో మొదటి చట్టము సవరింపబడి, గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానమును వాడుకొనువారికి ఆ భాగము చెల్లింపవలసిన పని లేకుండ మినహాయింపు కలిగెను. మాంసరోహిణి యని గ్రంథములో నున్నది గ్రంథములో పుట్టలేదు. ఋషియైనను, నిఘంటుకారుడైనను అడవిలో నొకనిని అడిగియే వ్రాసియుండవలెను. వ్రాయబడినది కనుక ఎవరిదియు కాదనుట, రాక్స్‌బర్గు పుస్తకములోని మౌనమునకు మనము చట్టరూపము కల్పించుటయే యగును.

ఈ లోపల కాలము ఆగుట లేదు. భద్రాచలపు సీమ నేడు తెలంగాణము, ఆంధ్రము, ఛత్తీస్‌గఢము అను మూడు రాష్ట్రముల సరిహద్దున పంచబడియున్నది. చెట్లకు సరిహద్దులు లేవు, కార్యాలయములకు కలవు. పోలవరము జలాశయము క్రింద మునుగు పల్లెలనుండి కోయలును, కొండరెడ్లును లేచి పునరావాస కాలనీలకు పోవలసివచ్చినది. చెట్టును విడిచి వచ్చిన వైద్యునికి చెట్టు పేరు గుర్తుండును. వాని మనుమనికి ఏమి గుర్తుండును? ఒక ముసలివాని మరణముతో నశించునది ఏ గ్రంథాలయములోను దొరకదు.

కావున మేము కోరునది ఇది. మన విశ్వవిద్యాలయములు, ఔషధ పరిశోధనాలయములు భద్రాచలపు అడవికి పోవలెను; రాక్స్‌బర్గు నియమముతో పోవలెను. చూచినది చూచినట్లు, స్థానికమైన పేరుతో, ఇతరులు మరల పరీక్షింప వీలగునట్లు వ్రాయవలెను. ఆయన వ్రాయనిది కూడ వ్రాయవలెను. గ్రామసభ యనుమతి గైకొని, చెప్పినవారు సమ్మతించినచో వారి పేరును, వారి పల్లె పేరును మొక్క పేరు ప్రక్కనే యుంచవలెను. లాభము వచ్చినచో వారి భాగము వారికి ముట్టవలెను. సోమిద యను మాటను రాక్స్‌బర్గు చెవిలో పలికిన మన్యపువాని పేరు ఇక దొరకదు. రేపు కొడిసె బెరడు పట్టుకొని పరిశోధనాలయపు గుమ్మము త్రొక్కు కొండరెడ్డి పేరు దొరకకుండ పోయెనేని, ఆ దోషము కంపెనీది కాదు, మనది.